కథ గుర్తుంది, కొలత గుర్తులేదు

మీరు నవ్వనంటే ఒక సంగతి చెప్తాను. నాకు చదువుకోవడమంటే పిచ్చి. పొట్లం కట్టిన కాగితం కూడా చదవందే పారెయ్యను. చదివిందల్లా గుర్తుంటుందని మా ఇంట్లో అందరి నమ్మకం. నాక్కూడా!

రెండేళ్ళ క్రితం వేసవిలో మా ఆడపడుచు మూడేళ్ళ పిల్లాడితో వచ్చింది. ఒకరోజు రాత్రి పదకొండు దాటాక వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. గాలివానకి కరెంటు లేదు, సెల్‌లో సిగ్నల్ లేదు, మందుల షాపు మూసేశారు. "వదినా, ఉప్పూ పంచదార నీళ్ళ గురించి మొన్ననే చదివి చెప్పావు కదా, ఎంతెంత వెయ్యాలి?" అంది.

ఠక్కున చెప్పబోయాను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం, బన్‌గావ్ కాందిశీకుల శిబిరంలో కలరా, సెలైన్ అయిపోవడం, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పోయించి తాగించడం, నూటికి ముప్ఫై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి దిగడం... అంతా సినిమాలా కళ్ళముందుంది. మరి ఉప్పు? అర చెంచానా, రెండు చెంచాలా? లీటరుకా, గ్లాసుకా? ఊహూ! ఉప్పు ఎక్కువైతే పసివాళ్ళకి ప్రమాదమని మాత్రం గుర్తొచ్చి చెయ్యి వణికింది.

చివరికి కొవ్వొత్తి పట్టుకుని వెతికితే ఆ పత్రిక పచ్చడి జాడీల కింద పరిచి ఉంది. లీటరు మంచినీళ్ళకి తలకొట్టిన టీచెంచాలతో ఆరు పంచదార, అర చెంచా ఉప్పు. (ఓఆర్‌ఎస్ పొట్లం దొరికితే అదే మేలు. దానిమీద ఎన్ని నీళ్ళని ఉంటే అన్నే పొయ్యాలి.) తెల్లవార్లూ చెంచాతో పట్టి, పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. తేరుకున్నాడు.

బి.ఇడి. చదివే మా అమ్మాయి ఇది విని, "నీ తప్పేం లేదమ్మా" అంది. 1998లో అమెరికాలో హార్ప్, మేయర్ అనే ఇద్దరు, మెరుపు ఎలా పుడుతుందో చెప్పే పాఠాన్ని కొందరికి ఉన్నదున్నట్టు, కొందరికి పిడుగుపాటు ముచ్చట్లు కలిపి ఇచ్చారట. ముచ్చట్లతో చదివినవాళ్ళకి అసలు విషయం తక్కువ గుర్తుందట. ఆ ముచ్చట్లే చివర్లో పెడితే అంత నష్టం లేదట.

నాకు మాత్రం ఒప్పుకోబుద్ధి కాలేదు. ఆ డాక్టరుగారి కథ లేకపోతే నేను ఆ పేజీ చదివేదాన్నా? అలాంటి కాగితం ఇంట్లో ఉందని తెలిసేదా?

అయినా ఆ కొలత రాసి వంటింటి అలమర తలుపుకి లోపల అతికించాను. అమ్మాయికి ఆవకాయ చెప్పినప్పుడు కూడా ముందు కారం, ఆవపిండి, ఉప్పు, నూనె రాసుకోమంటాను. అది కలం మూశాకే, మా అత్తగారి జాడీ రైల్లో పగిలిన కథ మొదలెడతాను. "ఇది పదోసారి అమ్మా!" అంటుంది.