నవ్వుకి అంత మందుగుండా?

స్పీల్‌బర్గ్ 1979లో తీసిన '1941' సినిమాని తిరువూరులో ఇంట్లో కూర్చుని మళ్లీ చూశాను. పెర్ల్ హార్బర్ దాడయ్యాక, జపాన్ వాళ్లు వచ్చేస్తున్నారని హడలిపోయిన లాస్ ఏంజెలెస్ జనం చేసే హడావుడే కథ. జెయింట్ వీల్ ఊడి, దొర్లుకుంటూ వెళ్లి సముద్రంలో పడుతుంది. ఇల్లు ఇల్లంతా కొండ అంచు నుంచి జారిపోతుంది. గోల తప్ప నవ్వు లేదన్నారు విమర్శకులు. నిజమే, నవ్వేలోపే ఇంకోటి పేలుతుంది. అయినా పెట్టుబడికి మించే వసూలైంది, మూడు ఆస్కార్ నామినేషన్లూ వచ్చాయి. అంతకుముందు ఆయనే తీసిన 'జాస్' చూసిన కళ్లకి ఇది ఆనలేదు, అంతే.

నాకు మాత్రం ఆ భయం దగ్గరి సంగతి. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు నిజంగానే పడ్డాయి. మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్లకు పరుగులు తీశారు. ఆ కంగారు మీద మనవాళ్లు ఒక హాస్య సినిమా తీస్తే ఎంత బాగుండును! ట్యాంకులు అక్కర్లేదు, రేలంగి లాంటి మొహం ఒకటి చాలు.