మూత తీయకండి!

మా ఇంట్లో కారు సంగతి మావారిది, కుక్కర్ సంగతి నాది అని పెళ్లయిన కొత్తలోనే పంపకాలు అయిపోయాయి. 2017 సంక్రాంతికి హైదరాబాదు నుంచి నూజివీడు దగ్గర మా అత్తగారి ఊరికి బయలుదేరినప్పుడు ఆ పంపకాలు తారుమారయ్యాయి.

మాది 1998 నాటి మారుతి 800. నోట్ల రద్దయి రెండు నెలలే కావడంతో ఎవరి దగ్గరా చిల్లర లేదు. పంతంగి టోల్‌గేటు దగ్గర బళ్లన్నీ గంటసేపు చీమల్లా కదిలాయి. ఉన్నట్టుండి మా బానెట్ కింది నుంచి పొగలు! మీటరులో ముల్లు ఎర్రగీత దాటేసింది. మావారు బండి పక్కకి తీసి ఆపి, చేతికి గుడ్డ చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోయారు. నేను కెవ్వుమన్నాను.

"ఏవండీ, కూత కూసే కుక్కర్ మూత ఎవరైనా తీస్తారా?"

ఆయన చెయ్యి ఆగింది. ఆ మూతా కుక్కర్ మూతలాంటిదే కదండీ. లోపలి ఒత్తిడిని పట్టి ఉంచుతుంది కాబట్టే నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. తీశామా, మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. ముప్పావుగంట ఆగి, మూత చల్లబడ్డాక తీసి, తాగడానికి తెచ్చుకున్న నీళ్లే కొద్దికొద్దిగా పోశాం. వేడి గాజుగ్లాసులో చన్నీళ్లు గుమ్మరిస్తే ఏమవుతుందో మనకి తెలిసిందే.

మళ్లీ రోడ్డెక్కాక 80 స్పీడులో పోతుంటే ముల్లు బుద్ధిగా సగంలోనే ఉంది. కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర ఆగామో లేదో, మళ్లీ పైకి. మావారు హీటర్ పూర్తిగా తిప్పారు, ఇంజన్ వేడి కొంత లోపలికి లాగుతుందని. పిల్లలు వెనకాల ఉడికిపోయారు గానీ ముల్లు మాత్రం ఆగింది. గేటు దాటి స్పీడందుకోగానే దిగిపోయింది కూడా.

సూర్యాపేటలో మెకానిక్ బానెట్ ఎత్తీ ఎత్తకముందే, "హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్. ఇంజన్ దించాలి. 18 వేలవుతుంది, బండి వదిలేసి పండగయ్యాక రండి" అన్నాడు.

"ఈ డొక్కుకి 18 వేలా! పాత ఇనుముకి ఇచ్చేద్దాం" అన్నారు మావారు. నాకు గుండె కలుక్కుమంది. నేను స్టీరింగ్ పట్టడం నేర్చుకున్నది దాని మీదే. పెద్దవాణ్ణి పురిటి ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నదీ అందులోనే.

అయినా గ్యాస్కెట్ అంటే మనకి తెలియందా? అది పోయిన కుక్కర్ ఎప్పుడు పొయ్యెక్కించినా ఆవిరి కారుస్తుంది. ఓ పూట కారి, ఓ పూట మానదు. మరి మా బండి ఆగినప్పుడే ఎందుకు మరుగుతోంది? ఇంజన్ ఆయిల్ మూత తీసి చూపించమన్నాను. నీళ్లు కలిస్తే పాలటీ నురగలా ఉంటుందట, అలాంటిదేం లేదు. సైలెన్సర్‌లోంచి తెల్లపొగా లేదు. పంతంగిలో పోసిన నీళ్లు పోసినట్టే ఉన్నాయి.

"పరుగెత్తేటప్పుడు గాలి దానంతటదే తగులుతుంది. ఆగినప్పుడు ఫ్యాన్ కదా విసరాలి. ఫ్యాన్ తిరుగుతోందా బాబూ?" అన్నాను.

అప్పటిదాకా ఎవరూ చూడనే లేదు! ఇంజన్ ఆన్‌లో ఉంచి నిలబడ్డాం. ముల్లు పైకెక్కినా ఫ్యాన్ ఉలకలేదు, పలకలేదు. ఆ అబ్బాయి కాస్త సిగ్గుపడి, వేడిని బట్టి ఫ్యాన్‌ని తిప్పే స్విచ్ వైరు పీకి నేరుగా కలిపాడు. గిర్రున తిరిగింది. ఫ్యాన్ మోటారు బాగానే ఉంది, స్విచ్చే వయసుడిగింది. అలాగే కలిపి పంపించాడు. చిల్లకల్లు, కీసర గేట్ల దగ్గర ముల్లు కదిలితే ఒట్టు.

నూజివీడులో కొత్త స్విచ్ వేయించాం. కూలీతో కలిపి 600 రూపాయలు. రేడియేటర్ కడిగిస్తే తుప్పునీళ్లతోపాటు తెల్లటి పెచ్చులూ వచ్చాయి, మన ఎసరు గిన్నె అడుగున కట్టేలాంటివే. ఇన్నాళ్లూ బోరునీళ్లు పోసిన ఫలితం. ఆ తర్వాత కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సమంగా కలిపి పోయించాం.

తిరుగు ప్రయాణంలో పంతంగి దగ్గర మావారు అద్దం దించి చెవి రిక్కించారు.

"ఏం వింటున్నారు?"

"నీ ఫ్యాన్ చప్పుడు" అన్నారు.