విమానానికో చుట్టకుదురు

నాటింగ్‌హామ్‌లో గురువారం సాయంత్రం ఆరున్నరకి ట్రామ్ ఎక్కితే నా ఒళ్ళో ఒక షూ డబ్బా ఉంటుంది. పక్కన కూర్చున్నవాళ్ళు కొత్త బూట్లు కొన్నాననుకుంటారు. లోపల మూడు స్పిట్‌ఫైర్లు, రెండు మెసర్‌ష్మిట్‌లు, గుప్పెడు సైకిల్ బేరింగ్ గుండ్లు, పాత రేడియో ఏరియల్ ముక్కలు, రెండు ఎరాల్డైట్ ట్యూబులు ఉంటాయి. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెబితే "వీకెండ్ ఏం చేశావ్" అన్న చిన్న ప్రశ్నకి జవాబు మరీ పొడుగైపోతుంది.

ప్రాజెక్టు మీద ఈ ఊరొచ్చి 14 నెలలు. మొదటి మూడు నెలలు ఆఫీసు, గది, ఇండియన్ స్టోరు, అంతే నా లోకం. ఓ శనివారం లెంటన్‌లో వాన తప్పించుకోడానికి ఒక పెద్ద బిల్డింగ్‌లోకి దూరాను. అది వార్‌హామర్ వరల్డ్. గేమ్స్ వర్క్‌షాప్ అనే కంపెనీ హెడ్డాఫీసు కూడా అక్కడే. లోపల వేలెడంత సైనికుల బొమ్మలు, ఒక్కొక్కదానికీ కనుబొమలతో సహా రంగులు. ఇలాంటి బొమ్మలు చేసే కంపెనీలు నాటింగ్‌హామ్ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఒకప్పుడు సీసం కలిపిన లోహంతో పోసేవాళ్ళు కాబట్టి ఈ ప్రాంతాన్ని ఆటగాళ్ళు ముద్దుగా "లెడ్ బెల్ట్" అంటారు. వాన తగ్గేలోపు అక్కడ మాట కలిసిన ఒకావిడ, గురువారాలు ఒక చర్చి హాల్లో క్లబ్బు నడుస్తుందని చెప్పింది. వెళ్ళాను.

వార్‌గేమింగ్ అంటే ఏంటంటారా? పబ్‌జీని బల్ల మీద పరిచి, టేపుతో దూరాలు కొలుస్తూ, పాచికలు వేస్తూ, మధ్యలో టీ తాగుతూ మూడు గంటలు ఆడటం. మా బల్ల విమానాలది. 1940లో బ్రిటన్ మీద జర్మనీ చేసిన వైమానిక దాడి, అంటే బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్. స్కేలు 1/144. అసలు స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పు 11.23 మీటర్లయితే మా బల్ల మీద 78 మిల్లీమీటర్లు. సైనికుడి బొమ్మని నిలబెడితే చాలు. విమానం సంగతి అలా కాదు. గాల్లో ఉండాలి, ఎత్తు మారాలి, తిరిగేటప్పుడు రెక్క వాలాలి. అంటే సగం ఆట స్టాండులోనే ఉంది. ఈ ఊరి కంపెనీయే అయిన వార్లార్డ్ గేమ్స్ 2018లో తెచ్చిన బ్లడ్ రెడ్ స్కైస్ ఆటలోనైతే విమానం ముక్కు పైకుందా, కిందికుందా అన్నదాన్ని బట్టే ఎవరిది పైచేయో తేలుతుంది.

మా బల్లకి పెద్ద దిక్కు 74 ఏళ్ళ ఒకాయన. పేరు రాస్తే ఒప్పుకోరు, నేనేమో మనసులో తాతగారనుకుంటాను. పైకి "సర్" అంటే కసురుకుంటారు. ర్యాలీ సైకిల్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఆ మాట వినగానే ఎగిరి గంతేశాను. మా తాతయ్యకి పెళ్ళిలో పెట్టింది ర్యాలీ సైకిలే, దాని ముందు బిళ్ళ మీద నాటింగ్‌హామ్ అని ఉండేదట. నాకు ఈ ఊరి పేరు రాబిన్ హుడ్ కన్నా ముందు అలా తెలుసు.

"మీదెక్కడ?" అనడిగారు ఆయన. ఖమ్మం అని చెప్పినా ఎవరికీ తెలీదు కదా, హైదరాబాద్ అన్నాను. ఏమీ మాట్లాడకుండా డబ్బాలోంచి ఒక స్పిట్‌ఫైర్ తీసి నా చేతిలో పెట్టారు. పక్కన యూఎం అని రెండక్షరాలు. "మీ ఊరి విమానమే" అన్నారు.

నిజమే. అది 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్. నిజాం డబ్బిచ్చాడని ఆ పేరు పెట్టారు. 1940 జులైలో వార్మ్‌వెల్‌కి వచ్చి, పోర్ట్‌లాండ్ నౌకా స్థావరానికి కాపలా కాసింది. దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. ఇంజినీరింగ్ దాకా చదివాను, ఒక్క పాఠంలోనూ ఈ ముక్క లేదు. ఆ డబ్బులో మా ఖమ్మం వైపు పల్లెల శిస్తు ఎంతుందో అని కూడా అనిపించిందనుకోండి.

ఇక అసలు సంగతి. ఆయన చేతులు వణుకుతాయి. నలభై ఏళ్ళుగా వాడుతున్న స్టాండ్లు సన్న ఉక్కు తీగలు. విమానం పొట్టకి ఉన్న ఒక మిల్లీమీటరు రంధ్రంలో ఆ తీగ దూర్చాలి. మూడుసార్లు ప్రయత్నించి, నాలుగోసారి తప్పిపోతే ఆయన "నువ్వే కదుపు" అంటూ నాకు ఇచ్చేవారు. అలా రెండు వారాలయ్యాక ఆడటం మానేసి పక్కన కూర్చుని రూల్స్ మాత్రం చెప్పడం మొదలుపెట్టారు. నాకది నచ్చలేదు.

అయస్కాంతం పెడితే సరిపోతుందనుకున్నాను. నియోడిమియం అయస్కాంతాలు చిన్న మాత్రంత ఉన్నా గట్టిగా లాగుతాయి. (ఇంట్లో చిన్న పిల్లలుంటే వీటిని అస్సలు అందనివ్వకండి. రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ఆపరేషన్ దాకా వెళ్తుంది.) స్టాండ్ కొనకి ఒకటి, విమానం పొట్టలో ఒకటి అంటించాను. ఉత్తర, దక్షిణాలు తారుమారై మొదటి విమానం స్టాండ్‌ని చూసి పారిపోయింది. తర్వాత మార్కర్‌తో చుక్క పెట్టుకుని చేశాను.

గురువారం తాతగారు విమానాన్ని వణుకుతూనే దగ్గరికి తెచ్చారు. చివరి అర అంగుళం అయస్కాంతమే లాక్కుంది. ఆయన మొహం చూడాలి! తీశారు, పెట్టారు, తీశారు, పెట్టారు. ఇంటికెళ్ళి భార్యకి చూపిస్తానని విమానాన్ని చొక్కా జేబులో వేసుకున్నారు. ఎదురుగా ఉన్నాయన గట్టిగా అరిచాడు. "పేస్‌మేకర్!"

నా గుండె ఆగినంత పనైంది. గబగబా తీసేశాం, ఏమీ కాలేదు. ఆయన నవ్వేశారు కూడా. కానీ పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు అయస్కాంతాల్ని దానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలంటారు. ఆ రాత్రి ట్రామ్‌లో షూ డబ్బా మీద చేతులేసుకుని కూర్చున్నాను. కనుక్కోకుండా పెద్దాయన చేతికి అలాంటిదిచ్చాను. సాఫ్ట్‌వేర్‌లో అయితే రోల్‌బ్యాక్ ఉంటుంది.

అంటే అయస్కాంతం బల్ల మీద స్టాండ్‌లోనే ఉండాలి. స్టాండ్లు మోయడం, సర్దడం మా పని. ఆయన పట్టుకునే విమానంలో వట్టి ఉక్కే ఉండాలి. ఉక్కు గుండు పెడితే ఇంకో లాభం, ఎటు కావాలంటే అటు వాల్చొచ్చు. తుప్పు పట్టదని 3 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ గుండ్లు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఒక్కటీ అంటుకోలేదు. అమ్మ వంటింట్లో స్టీలు గ్లాసులకి అయస్కాంతం అంటుకోకపోవడం చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నా, బుర్ర వెలగలేదు. మళ్ళీ మామూలు ఉక్కువి తెప్పించాను. ఇవి అంటుకున్నాయి కానీ విమానం నిలవలేదు. రెక్క వాల్చగానే మెల్లగా జారి, ముక్కు కిందికేసి వేలాడింది.

లెక్క వేశాను. విమానం 25 గ్రాములు, వాల్చినప్పుడు దాని బరువు గుండు కేంద్రానికి 8 మిల్లీమీటర్లు పక్కగా పడుతోంది. 25 ఇంటు 8, 200. ఇది పడదోసేది. నిలబెట్టాల్సింది రాపిడి. అయస్కాంతం 400 గ్రాముల బలంతో లాగుతుంటే రాపిడి అందులో ఐదో వంతు, 80 అనుకుందాం. దాన్ని గుండు వ్యాసార్ధం ఒకటిన్నరతో గుణిస్తే 120. ఇరవై కాదు, నూట ఇరవై కాదు, కావలసింది రెండొందలు. పైగా ఆ 120 కూడా నాకు దక్కడం లేదు. బిళ్ళ అయస్కాంతం చదునుగా ఉంది, దాని మీద గుండు రాసుకోకుండా దొర్లుతోంది. పట్టు కోసం రబ్బరు పొర పూశాను. పొర మందమంత దూరం పెరిగి లాగే బలమే పడిపోయింది.

ఆదివారం అమ్మమ్మకి వీడియో కాల్ చేశాను. బల్ల మీద ఈ సరంజామా చూసి "అవేంటే" అంది. చెప్పాను. "గుండ్రంది చదును మీద ఎట్టా కుదురుతుందే? చుట్టకుదురు పెట్టు" అంది, చాలా మామూలుగా. మా ఊళ్ళో నీళ్ళ కుండ కింద, గడ్డి పేని చుట్టిన ఆ కట్ట ఉంటుందే, అది. నన్ను కూడా చిన్నప్పుడు రోజుకి పదిసార్లు "కుదురుగా కూర్చోవే" అనేది. ఆ రెండు మాటలూ ఒకటేనని అప్పటిదాకా తట్టలేదు.

మధ్యలో బొక్క ఉన్న రింగు అయస్కాంతాలు దొరుకుతాయి. స్క్రూ తల లోపలికి దిగేలా పైన వాలుగా చెక్కి ఉంటాయి. 10 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మందం. గుండు కోసం తాతగారికి ఫోన్ చేశాను. ఆయన గరాజ్‌లో పొగాకు డబ్బా నిండా సైకిల్ బేరింగ్ గుండ్లున్నాయి. ముందు చక్రానివి చిన్నవి, వెనక చక్రానివి పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. పావు అంగుళంది ఆ వాలులో కుండలా కూర్చుంది. ఇప్పుడది దొర్లలేదు, రాసుకుంటూ తిరగాల్సిందే. వ్యాసార్ధం దాదాపు 3.2. ఎనభైతో గుణిస్తే 250 దాటింది.

మిగతాదంతా ఓపిక పని. విమానాన్ని పెన్సిల్ మొన మీద ఆనించి ఎక్కడ సమతూకం వస్తుందో చూసి, అక్కడే చేతి డ్రిల్లుతో గుంట చేసి, గుండుని సగం దాకా దించి ఎరాల్డైట్ పెట్టాలి. అయస్కాంతం పైన నికెల్ పూత నున్నగా ఉంటుంది, సాండ్ పేపర్‌తో గరుకు చేయకపోతే జిగురు పట్టదు. అప్పుడు విమానం తీస్తే అయస్కాంతం కూడా ఊడొస్తుంది, మళ్ళీ చొక్కా జేబు దాకా వెళ్ళే ప్రమాదం అదే. అందుకని ఒక్కోదాన్నీ ఇరవై సార్లు పీకి చూశాను. ఎత్తు మార్చడానికి రేడియో ఏరియల్, అడుగున బరువుకి ఉక్కు వాషర్లు మూడు. హైంకెల్ బాంబర్ మాత్రం ఇప్పటికీ కుదరలేదు. రెక్కలే 157 మిల్లీమీటర్లు, వాల్చితే దబ్బున పడుతుంది. మా బల్ల మీద హైంకెల్లు తిన్నగానే ఎగురుతాయి.

జిగురు ఆరే రోజు లండన్ వెళ్ళి, కాలిండేల్‌లో దిగి, హెండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియం చూశాను. టికెట్ లేదు. తాతగారు చూడమన్నది అక్కడి డీహెచ్ 9ఏ, నంబర్ ఎఫ్ 1010. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం డబ్బుతో వచ్చిన 110 స్క్వాడ్రన్‌ది. 1918 అక్టోబర్‌లో జర్మన్లకి చిక్కి, బెర్లిన్ మ్యూజియంలో ఉండి, పోలండ్ చేరి, 1977లో ఇక్కడికొచ్చింది. దాని ఒంటి మీద నిజాం పేరు చదువుతూ చాలాసేపు నిలబడ్డాను. స్పిట్‌ఫైర్‌ని కూడా చూశాను. నేల మీద అది తోక ఆనించి, ముక్కు పైకెత్తి కూర్చుంటుంది. ఆ ముక్కు అడ్డమై పైలట్‌కి ఎదురుగా ఏమీ కనపడేది కాదట. ఫొటో తీశాను గానీ, ఒక రెక్క కిందికి వాల్చి ఉంటే ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

గురువారం ఆ యూఎం స్పిట్‌ఫైర్‌ని తాతగారికిచ్చాను. ముందు పొట్ట తిప్పి చూసి, గుండుని గోటితో తట్టారు. "వెనక చక్రం" అన్నారు. చెయ్యి వణుకుతూనే ఉంది. స్టాండ్ దాకా వెళ్ళింది, పక్కకి జరిగింది, మళ్ళీ వచ్చింది. టక్. ఎడమ రెక్క వేలితో నొక్కారు. వాలింది, అలాగే ఉంది. ఇంకాస్త నొక్కారు. ఉంది.

ఆ రాత్రి నా మెసర్‌ష్మిట్‌లు రెండూ ఆయన చేతిలోనే కూలిపోయాయి. జాలి లేకుండా ఆడారు. సామాన్లు సర్దుకుంటుంటే దగ్గరికొచ్చి పొగాకు డబ్బా నా షూ డబ్బాలో పెట్టేశారు.

"స్క్వాడ్రన్ అంటే పన్నెండు" అన్నారు. "ఇంకా పదకొండు."