పాపానికి భయపడి కొండెక్కాడు!

ఆ ఊరి పేరుకు అర్థం ‘చెరువుల కింద’ అని. వెళ్లి చూస్తే ఆ చెరువులూ కనిపించవు, వాటిని నింపించిన చక్రవర్తి భవనమూ కనిపించదు. కొన్ని శిథిలాలు మిగిలాయంతే. తలెత్తి చూస్తే మాత్రం... కొండచరియకు తేనెపట్టులా అతుక్కుని ఓ మఠం! దాని కడుపులో ఓ చిన్న గుహ. దాదాపు 1500 ఏళ్ల కిందట ఓ కుర్రాడు పాపానికి భయపడి వచ్చి మూడేళ్లు తలదాచుకున్నది అందులోనే. అతడు ఎంత దూరం పారిపోయాడు, పాపం అతడిని ఎంత దూరం తరిమింది, చివరికి ఏమైంది... అదంతా అక్కడి కొండదారీ గోడలూ తోటా చెబుతాయి. ఇటలీలోని సుబియాకో విశేషాలివి.

చక్రవర్తి వచ్చింది విలాసానికి...

రోమ్‌కు తూర్పున సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, అనియెనె నది లోయలో ఉంటుంది సుబియాకో. చుట్టూ పచ్చని కొండలు, చల్లని గాలి. అలాంటి చోటు మీద నీరో చక్రవర్తి కన్నుపడకుండా ఉంటుందా! నదికి అడ్డుకట్టలు వేయించి, చెరువులు నింపించి, వాటి ఒడ్డున విలాస భవనం కట్టించుకున్నాడు. క్రీ.శ.60లో అక్కడ విందు ఆరగిస్తుండగా పిడుగుపడి బల్ల ముక్కలైందని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. అడ్డుకట్టల్లో పెద్దది దాదాపు 40 మీటర్ల ఎత్తు ఉండేదట. 1305లో అదీ కూలిపోవడంతో చెరువుల కథ ముగిసింది. విలాసాన్ని వెతుక్కుంటూ నీరో వచ్చిన ఈ లోయకే, నాలుగు శతాబ్దాలు దాటాక విలాసానికి దూరంగా పారిపోతూ వచ్చాడు బెనెడిక్ట్.

...కుర్రాడు వచ్చింది వైరాగ్యంతో

బెనెడిక్ట్ సొంతూరు మధ్య ఇటలీలోని నోర్చా. 480 ప్రాంతంలో కలిగిన కుటుంబంలో పుట్టాడు. చదువుకోమని రోమ్‌కు పంపితే, తోటి విద్యార్థులు వ్యసనాల్లో మునిగిపోవడం చూసి హడలిపోయాడు. గడప లోపల పెట్టబోయిన కాలును వెనక్కి తీసుకున్నట్టు చదువు వదిలేసి బయల్దేరాడు. వెంట ఉన్నది చిన్నప్పటి నుంచీ పెంచిన దాది ఒక్కతే.

ఇద్దరూ అఫిలె అనే ఊళ్లో ఆగారు. ఓరోజు ఆమె ఇరుగుపొరుగును అడిగి తెచ్చిన జల్లెడ కిందపడి విరిగింది. ఆమె ఏడుపు చూడలేక బెనెడిక్ట్ ప్రార్థిస్తే అది మళ్లీ అతుక్కుందట. ఊరివాళ్లు ఆ జల్లెడను చర్చి గుమ్మానికి వేలాడదీసి ఆ కుర్రాడిని వేనోళ్ల పొగిడారు. అంతే, అక్కడి నుంచీ మాయమయ్యాడు. ఈసారి దాదికి కూడా చెప్పలేదు! చెడు సావాసం ఎంత ప్రమాదమో పొగడ్త కూడా అంతే ప్రమాదమని అతడి భయం. ఈ కథలన్నిటికీ ఆధారం, పోప్ గ్రెగరీ 593-94 ప్రాంతంలో రాసిన ‘సంభాషణలు’ అనే గ్రంథం.

పాపం చేయకపోవడమే కాదు, పాపానికి దారితీసే సందర్భాలకూ దూరంగా ఉండాలన్నది క్యాథలిక్ బోధన. పాపసంకీర్తనం... అంటే గురువు ముందు తప్పులు ఒప్పుకున్నప్పుడు, చాలామంది చేసే ప్రార్థనలో ఈ ప్రతిజ్ఞ కూడా ఉంటుంది. కల్లుపాక ముందు నుంచి నడుస్తూ తాగనని ఒట్టు పెట్టుకోవడం కన్నా వేరే దారిన ఇంటికి వెళ్లడం మేలు కదా! బెనెడిక్ట్ చేసిందీ అదే. మరి, దారి మార్చుకుంటే సరిపోతుందా?

గుహలోకీ వచ్చింది

ఊరి నుంచి కొండెక్కే దారిలో మొదట పునీత స్కొలాస్టికా మఠం వస్తుంది. స్కొలాస్టికా బెనెడిక్ట్ తోబుట్టువే. అది దాటి ఇంకా పైకి వెళితే, దట్టమైన ఓక్ చెట్ల నీడలో నుంచి ‘సాక్రో స్పెకో’కు చేరతాం. అంటే పవిత్ర గుహ అని. ఒకదాని మీద ఒకటి రెండు చర్చిలు, వాటిని కలుపుతూ మెట్లు, మధ్యమధ్యలో చిన్న ప్రార్థన మందిరాలు. కొన్నిచోట్ల గోడ ఉండాల్సిన చోట కొండే ఉంటుంది. అలా దిగుతూ వెళితే గుహ. లోపల యువకుడైన బెనెడిక్ట్ పాలరాతి విగ్రహం. 17వ శతాబ్దంలో శిల్పి అంటోనియో రాజ్జీ చెక్కింది.

బెనెడిక్ట్ ఇక్కడున్న సంగతి రోమనుస్ అనే సన్యాసి ఒక్కడికే తెలుసు. తన వాటా రొట్టెలో కొంత మిగిల్చి, కొండపై నుంచి తాడుతో కిందికి దించేవాడు. తాడుకు ఓ గంట. అది మోగితే రొట్టె వచ్చినట్టు. ఓసారి సైతాను రాయి విసిరి గంటను పగలగొట్టాడనీ, అయినా రోమనుస్ రొట్టె పంపడం మానలేదనీ గ్రెగరీ రాశాడు.

మనిషి అలికిడి లేని ఆ చోటుకీ శోధన వచ్చింది. ఓరోజు ఓ నల్లని పిట్ట మొహం చుట్టూ విసుగు పుట్టేలా ఎగిరింది. సిలువ గుర్తు వేసుకోగానే పోయింది. ఆ వెంటనే... ఎప్పుడో చూసిన ఓ స్త్రీ రూపం మనసులో మెదిలింది. ఎంతగా అంటే, గుహ వదిలి వెళ్లిపోదామా అనుకునేంత! రోమ్‌ను వదిలాడు గానీ మనసును ఎక్కడ వదిలి వస్తాడు? పక్కనే ముళ్లపొద కనిపించింది. బట్టలు తీసేసి అందులో పొర్లాడు. ఒంటి మంట మనసులోని మంటను ఆర్పేసింది. మళ్లీ ఎన్నడూ అలాంటి శోధన రాలేదని తర్వాత శిష్యులకు చెప్పాడట.

శోధన రావడం పాపం కాదు, దానికి మనసు ఒప్పుకోవడమే పాపమంటుంది క్యాథలిక్ సంప్రదాయం. ఎడారిలో 40 రోజులు ఉపవాసమున్న యేసుకూ శోధన తప్పలేదు కదా! తపస్కాలం తొలి ఆదివారం చర్చిలో చదివే సువార్త ఘట్టం అదే.

ముళ్ల చోట గులాబీలు

ఆ ముళ్లపొద ఉన్నచోట ఇప్పుడు చిన్న గులాబీ తోట ఉంది. 13వ శతాబ్దంలో అసిసి వాసి ఫ్రాన్సిస్ ఇక్కడికి వచ్చినప్పుడు ముళ్లు గులాబీలుగా మారాయని ఐతిహ్యం. ఆయన వచ్చిన గుర్తుగా ఓ మందిరం గోడ మీద ఆయన చిత్రం ఉంది. తల చుట్టూ కాంతివలయం లేదు, చేతుల మీద పంచగాయాల గుర్తులూ లేవు. ‘బ్రదర్ ఫ్రాన్సిస్’ అని మాత్రమే రాసి ఉంటుంది. ఆయనను పునీతుడిగా ప్రకటించక ముందే గీసిన చిత్రమని చాలామంది నమ్మకం.

మెట్ల దారిలో కనిపించే మరో చిత్రం చూపు తిప్పుకోనివ్వదు. గుర్రమెక్కిన అస్థిపంజరం! అది మృత్యువు. చావు కోసం ఎదురుచూసే ముసలివాళ్లనూ బిచ్చగాళ్లనూ దాటుకుని వెళ్లి, కులాసాగా ఉన్న యువకుల మీద కత్తి దూస్తుంటుంది. చావును రోజూ గుర్తుచేసుకోమని బెనెడిక్టే చెప్పాడు. అది గుర్తుంటే తప్పు చేయడానికి చెయ్యి రాదని.

మళ్లీ ప్రయాణం

కాలక్రమంలో శిష్యులు పెరిగారు. లోయలో ఒక్కోదానిలో 12 మంది చొప్పున 12 మఠాలు వెలిశాయి. దగ్గర్లోని ఫ్లోరెన్షియస్ అనే గురువుకు అది కంటగింపయింది. మొదట విషం కలిపిన రొట్టె పంపాడు. దాన్ని ఓ కాకి ఎత్తుకెళ్లి దూరంగా పడేసిందని కథ. తర్వాత శిష్యుల మనసు చెదరగొట్టడానికి ఏడుగురు యువతులను మఠం తోటలో నాట్యమాడించాడు. మన పురాణాల్లో విశ్వామిత్రుడి దగ్గరికి మేనక వచ్చినట్టే!

బెనెడిక్ట్ తగవుకు దిగలేదు. పగ తన మీదే కాబట్టి, తాను లేకపోతే శిష్యులకు ఈ బెడద ఉండదనుకున్నాడు. పాతికేళ్లకు పైగా గడిపిన లోయను వదిలి కొందరితో బయల్దేరాడు. అంతలో ఫ్లోరెన్షియస్ నిలుచున్న మేడ కూలి చనిపోయాడు. మౌరుస్ అనే శిష్యుడు సంతోషంగా ఆ కబురు పంపితే బెనెడిక్ట్ దుఃఖపడ్డాడు. శత్రువు చావుకు సంతోషించినందుకు మౌరుస్‌కు ప్రాయశ్చిత్తం విధించాడు. ఏడుగురు యువతులకు లొంగని శిష్యుడు ఈ చిన్న సంతోషానికి లొంగిపోయాడు మరి!

మందు... ముళ్లు కాదు

అలా వెళ్లి 529 ప్రాంతంలో మోంటె కాస్సినో కొండ మీద మఠం స్థాపించాడు బెనెడిక్ట్. అక్కడే 73 అధ్యాయాల ‘నియమావళి’ రాశాడు. చిత్రమేమిటంటే అందులో ముళ్లపొదలో పొర్లమని ఎక్కడా లేదు! సోమరితనం ఆత్మకు శత్రువు కాబట్టి ప్రార్థనకూ చదువుకూ చేతిపనికీ వేళలు కేటాయించాడు. చెడు తలంపు వస్తే దాచుకోకుండా పెద్దలకు చెప్పుకోమన్నాడు. సన్యాసులకు ద్రాక్షసారా తగదంటూనే, ఈ కాలం వాళ్లు వినరు కాబట్టి రోజుకింతని కొలత పెట్టాడు.

పోప్ ఆరో పాల్ 1964లో ఆయనను యూరప్ పాలక పునీతుడిగా ప్రకటించారు. ఆనాటి లోయలోని మఠాల్లో ఇప్పుడు మిగిలింది స్కొలాస్టికా ఒక్కటే. 1465లో ఇద్దరు జర్మన్లు ముద్రణ యంత్రం పెట్టి, ఇటలీలో తొలి పుస్తకాలు కొన్నింటిని అచ్చేసింది దాని గోడల మధ్యే. చదువు మానేసి వచ్చిన కుర్రాడి మఠంలోనే!

రోమ్‌లోని పోంటె మమ్మోలో మెట్రోస్టేషన్ దగ్గర సుబియాకో బస్సు ఎక్కొచ్చు. రెండు మఠాల్లోనూ ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతాయి కాబట్టి భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు వేసుకోవాలి. బెనెడిక్ట్ పండుగ మార్చి 21న, మళ్లీ జులై 11న.

గుహ చూడటానికి వెళ్లేవారికి ముందుగా గుర్తొచ్చేది ఒంటరిగా పాపాన్ని గెలిచిన వీరుడే. కానీ బయటికొచ్చి ఓసారి పైకి చూడాలి. ఆ కొండ అంచు నుంచే రోజూ తాడు దిగేది. తన నోటి దగ్గరి ముద్ద తగ్గించుకుని రోమనుస్ రొట్టె పంపకపోతే ఆ మూడేళ్లు గడిచేవే కావు. తర్వాత నియమావళి రాసేటప్పుడు ఆ సంగతి బెనెడిక్ట్ మరచిపోలేదేమో... గుహలో ఒంటరి పోరు అందరి వల్లా కాదనీ, ముందు నలుగురితో కలిసి బతకడం నేర్చుకోవాలనీ మొదటి అధ్యాయంలోనే రాశాడు.