పెద్దమ్మకు చూపిన బెంగుళూరు

బెంగుళూరిలో పుట్టి, ఇక్కడనే గుమాస్తా పని చేసుకొనే నావంటివానికి ఊరు చూడవలెననే ఆలోచన సాధారణంగా రాదు. మొన్న హిందూపురం నుంచి మా పెద్దమ్మ కంటి వైద్యానికి వచ్చినప్పుడు అది తప్పనిసరి అయినది. శుక్లాలైతే తీసివేయవచ్చును, ఆమెది నీటికాసుల జబ్బు. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది నిలుపుకోవడమే వైద్యమనీ డాక్టరు చెప్పినారు. పెద్దమ్మ కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే ఉన్న చూపుతో నాలుగు గుళ్ళు చూపించరా" అన్నది.

ఆదివారం పొద్దున్నే మెట్రోలో హలసూరు చేరినాము. అక్కడి సోమేశ్వరాలయం చోళుల నాటిదంటారు. విజయనగర కాలంలో విస్తరించినది. మండపానికి 48 స్తంభాలు. గోడలమీద రావణుడు కైలాసం ఎత్తుతున్నాడు, దుర్గ మహిషాసురుని చంపుతున్నది. పెద్దమ్మకు గోడ తెలుస్తుంది గాని బొమ్మ తెలియదు.

"ఇక్కడేమున్నది?"

"గిరిజా కల్యాణం, పెద్దమ్మా."

"పెండ్లి అంటే సరిపోయిందా? ఎవరెవరు వచ్చినారో చెప్పు."

పాతికేళ్ళుగా కాగితంమీద సంతకం ఉన్నదా లేదా అని మాత్రమే చూచిన కండ్లు నావి. దగ్గరకు పోయి నిలబడి వెదికితే సప్తర్షులు కనిపించినారు. చెప్పినాను. మిగిలిన కథంతా ఆమె నాకు చెప్పింది.

అక్కడనుంచి బసవనగుడి. ఒకే రాతిలో మలచిన నంది, సుమారు 15 అడుగుల ఎత్తు, 20 అడుగుల పొడవు. వేరుసెనగ చేలు మేసిపోయే ఎద్దును శాంతింపజేయడానికి రైతులు ఈ గుడి కట్టి, తొలిపంట సమర్పించినారని ఇక్కడివారి కథ. కార్తీకమాసం చివరి సోమవారం జరిగే కడలెకాయి పరిషె ఆ మొక్కుబడే. ఇంత పెద్ద స్వామిని చూడడానికి పెద్దమ్మకు నా సాయం అవసరపడలేదు. "వీడు నాకోసమే పెరిగినట్లున్నాడు" అని నవ్వింది.

గాంధీబజారులో భోజనం, కాస్త విశ్రాంతి. సాయంకాలం గవి గంగాధరేశ్వరం. 1537లో ఈ నగరాన్ని నెలకొల్పిన కెంపెగౌడ, విజయనగర ప్రభువుల చెర విడిచి వచ్చి ఈ గుడి కట్టించినాడని చెబుతారు. తెలుగులో "గంగాగౌరీవిలాసం" అనే యక్షగానం కూడా ఆయనదేనంటారు. ఆవరణలో పెద్ద రాతి త్రిశూలం, డమరుకం, సూర్యచంద్రుల పేరిట రెండు రాతి చక్రాలు ఉన్నవి. మకర సంక్రాంతి సాయంత్రం సూర్యకిరణం నంది కొమ్ముల నడుమనుంచి లింగంమీద పడుతుంది.

లింగం చుట్టూ ప్రదక్షిణం కొండలోని ఇరుకు దారిలోనే. పెద్దమ్మ చేయి పట్టుకొని నేను ముందు నడిచినాను. రెండడుగులకే నా తల పైరాతికి తగిలింది. "ఇట్లా రా, నేను పోతాను" అని ఆమె ముందుకు వచ్చి, ఒక చేత్తో గోడ తడుముతూ, తల వంచుకొని సునాయాసంగా నడిచింది. నేను ఆమె కొంగు పట్టుకొని బయటపడినాను.

తిరుగుబండిలో ఆమె, "ఆ పెండ్లిలో సప్తర్షులు ఏ పక్క నిలబడినారు?" అని అడిగింది. నాకు జ్ఞాపకం లేదు. మూడు నెలలకు మళ్ళీ పరీక్షకు రమ్మన్నారు. ఈసారి ముందు హలసూరు, ఆ తరువాతే ఆసుపత్రి.