ఇసుక నేల, రెండు ఆటలు

గోల్ఫ్ పెరిగింది స్కాట్లండ్ సముద్రపుటొడ్డున, పంటకు పనికిరాని ఇసుక నేలల మీద. అక్కడి సెయింట్ ఆండ్రూస్ మైదానంలో 1764లో గుంతల లెక్క 22 నుంచి 18కి తగ్గింది. నేటికీ ప్రపంచమంతా అదే లెక్క. నెల్లూరు తీరంలోనూ ఇసుక నేలకు కొదవ లేదు. అయితే అది సరుగుడు తోటలకూ వేరుశనగకూ పోయింది, ఈమధ్య రొయ్యల గుంటలకు కూడా. ఆంధ్రప్రదేశ్‌లో పాత గోల్ఫ్ క్లబ్బు విశాఖలోని ఈస్ట్ పాయింట్, 1884 నాటిది. ఆ ఆటకు విశాలమైన పచ్చిక, దానికి బోలెడు నీళ్లు, ఆడేవాడికి తీరిక, డబ్బు కావాలి.

నెల్లూరుకు అసలు క్లబ్బు మైపాడు బీచ్. ఊరికి పాతిక కిలోమీటర్లు. ఆదివారం సాయంత్రం కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. కార్తీక పున్నమికి సముద్ర స్నానాల రద్దీ. సభ్యత్వం అక్కర్లేదు. అలల ఉధృతి మాత్రం ఎక్కువ, లోతుకు వెళ్లకండి.