సెలైనా, హెపారినా?

గడచిన శ్రావణమాసమున మా అత్తగారికి ఊపిరితిత్తులలో నిమ్ము చేరగా ఆసుపత్రిలో పదునొకండు దినము లుండవలసివచ్చెను. పగలు మావారు బడికి పోవలసినవారగుటచే మంచముప్రక్క కూర్చుండుట నా వంతయ్యెను. అచ్చట నేను పొరపాటుపడి నేర్చుకొన్న సంగతి యొకటి సోదరీమణులకు జెప్పదలచితిని.

రోగి చేతి సిరలో సన్నని మెత్తని గొట్టమును జొనిపి పైని అంటుపట్టీ వేయుదురు గదా! దానిని కాన్యులా యందురు. మందెక్కింపని వేళ దాని మొనలోనికి రక్తము వచ్చి గడ్డకట్టినయెడల త్రోవ మూసికొనిపోవును. మరల మఱియొక చోట సూది గ్రుచ్చవలెను. డెబ్బదిరెండేండ్ల చేతిలో సిర దొరకుట యెంత కష్టమో చూచినవారికే తెలియును. మూడవమారు గ్రుచ్చిననాడు మా అత్తగారు మొగము గోడవైపు త్రిప్పుకొని, “ఇక చాలునే అమ్మాయీ, నన్నింటికి దీసికొనిపో” అనిరి.

అందుకొఱకే నర్సులు మందునకు ముందును, పిమ్మటను పిచికారీతో సెలైను పంపి గొట్టమును కడుగుదురు. సెలైననగా 1 లీటరు నీటికి 9 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి శుద్ధిచేసిన నీరు. ఒక్కపెట్టున నెట్టక, కొంచెము నెట్టి కొంచె మాగుచు పంపిన గొట్టపుగోడల కంటినది వదలునట. అడ్డు తగిలిన బలవంతముగా నెట్టరాదు. ఒక మందునకును వేఱొక మందునకును నడుమ కడుగుటకు మఱియొక కారణము కలదు. మా అత్తగారి కిచ్చిన సెఫ్‌ట్రియాక్సోను కాల్షియముతో గొట్టములో కలిసినచో తెల్లని గసియై పేరుకొనును. ఆ గసి రక్తములో బడిన ప్రాణాపాయము.

ఇక హెపారిను. 1916లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయములో జే మెక్లీన్ అను వైద్యవిద్యార్థి, హోవెల్ అను ఆచార్యునియొద్ద పనిచేయుచు, కుక్క కాలేయమునుండి రక్తమును గడ్డకట్టనీయని పదార్థమును తీసెను. ఆచార్యుడు 1918లో దానికి గ్రీకుభాషలోని కాలేయపు పేరిట హెపారినని పేరిడెను. చిన్ననాడు అమరమున వల్లించిన ‘యకృత్తు’ నాకు వెంటనే జ్ఞప్తికి వచ్చెను. ఇప్పుడు దీనిని పంది ప్రేగుల లోపొరనుండి తీయుచున్నారు. మడికట్టుకొను మా అత్తగారికి ఈ ముక్క నేను నేటికిని చెప్పలేదు.

పూర్వము చేతి కాన్యులాలనుగూడ పలుచని హెపారినుతోనే కడుగుట వాడుక. 1991లో పెక్కు పరిశోధనల ఫలితములను కూర్చి చూచినప్పుడు, చేతిగొట్టములకు వట్టి సెలైనే చాలునని తేలెను. మెడయొద్ద పెద్దసిరలో వేయు పొడవుగొట్టములకును, రక్తశుద్ధికై వేయు గొట్టములకును నేటికిని పలుచోట్ల హెపారినును వాడుచున్నారు. అందు వైద్యుని యాజ్ఞయే ప్రమాణము. ఇది చూపునకు నీరువలె నుండునుగాని నీరు కాదు. 2006లో అమెరికాలోని ఇండియానాపొలిసులో నెలలు నిండని శిశువులకు, మిల్లీలీటరునకు 10 యూనిట్లుండవలసిన బుడ్డికి మారుగా 10,000 యూనిట్ల బుడ్డి వాడుటచే ముగ్గురు పసికందులు మరణించిరి.

ఆరవనాడు చేతులలో సిరలు దొరకక, మా అత్తగారి మెడయొద్ద గొట్టము వేసిరి. ఆ రాత్రి సిస్టరు పిచికారీతో వచ్చెను. కేరళదేశపు పిల్ల, తెలుగు ముద్దుముద్దుగా మాటలాడును. ఊరక యుండలేక, “అది సెలైనా అమ్మా?” యంటిని. “కాదమ్మా, హెపారిను” అనెను. నా గుండె జల్లుమనెను.

రెండేండ్లక్రిందట తుంటియెముక విరిగి శస్త్రము చేసినప్పుడు అత్తగారికి హెపారిను సూదు లిచ్చిరి. వారమైనపిదప రక్తములోని ప్లేట్లెట్లు సగమునకంటె తక్కువకు దిగిపోయెను. కొందఱి శరీరము హెపారినునకు ప్రతికూలమై యిట్లు చేయునట. వింత యేమన, ప్లేట్లెట్లు తఱిగినను రక్తము కారుటకంటె నాళములలో గడ్డకట్టుటయే యెక్కువ భయము. గొట్టము కడుగు కొద్దిపాటి హెపారినైనను అట్టివారికి కూడదు. ఇక ముందెన్నడును ఇయ్యరాదని నాటి వైద్యుడు కాగితముపై వ్రాసియిచ్చెను. ఆ కాగితము మా బీరువాలో పట్టుచీరలక్రింద భద్రముగా నున్నది! ఆసుపత్రిలో చేర్చుకొనునపుడు “ఏ మందైన పడదా?” యని యడిగిరి, తొందరలో నేను “లేదండీ” యంటిని. తప్పు నాదే.

నేను చెప్పినంతనే ఆ పిల్ల చేయి వెనుకకు దీసికొని, “మంచిపని చేసినారమ్మా” యని పిచికారీని ప్రక్కనబెట్టి వైద్యునికి ఫోను చేసెను. సెలైనుతోనే కడుగుమని యాయన చెప్పెను. మావారు పదిగంటలవేళ వానలో తడియుచు కాగితము తెచ్చిరి. దానిని చూచి వైద్యుడు కేసుకాగితముమీదను, మంచముతలవైపు పలకమీదను ఎఱ్ఱసిరాతో వ్రాయించెను. ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు; అడుగకపోయిన నేమగునో యనియే తలపు.

ఇప్పుడా కాగితము రేషనుకార్డుతోపాటు సంచిలో వాకిటిగదిగోడకు వ్రేలాడుచున్నది. ప్రతి యొకటి అత్తగారి కొంగుననున్న చిన్నసంచిలోను, మావారి జేబులోను గలదు. పలుకరింప వచ్చినవారికెల్ల అత్తగారు దానిని తీసి చూపి, “ఇది నా జాతకము, చదువుడు” అనుచున్నారు.